సూరత్ తీరం: ఆంగ్లేయులు దిగిన రేవు నుంచి పిడికెడు ఉప్పు దాకా

పల్సానా (సూరత్): సూరత్ పేరు చెప్పగానే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేవి చీరలు, ఆ తర్వాత మరమగ్గాలు. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుస్తున్నాయి. ఏటా బతుకమ్మ వేడుకలూ జరుగుతాయి. బంధువుల ఇళ్లకో, బట్టల కొనుగోలుకో సూరత్‌కు వచ్చే తెలుగువారు తక్కువేమీ కాదు. అయితే వారిలో చాలామంది మార్కెట్లు చూసి తిరుగు రైలెక్కుతారు. భారతదేశంలో ఆంగ్లేయుల చరిత్ర తొలి అధ్యాయం ఈ నగరంలోనే నడిచిందనీ, దాని ముగింపునకు నాంది పలికిన చోటు కూడా ఇదే తీరంలో ఉందనీ తెలిసినవారు మాత్రం తమ ప్రయాణాన్ని మరో రెండు రోజులు పొడిగించుకుంటారు.

ఈ రెండు ఘట్టాలనూ కలిపి చూడటానికి పల్సానా అనువైన కూడలి. రంగుల అద్దకం, ముద్రణ మిల్లులకు పేరుపొందిన ఈ తాలూకా కేంద్రం దిల్లీ, ముంబయిలను కలిపే 48వ నంబరు జాతీయ రహదారిపై ఉంది. హజీరా నుంచి ఒడిశాలోని పారాదీప్ వరకు వెళ్లే 53వ నంబరు రహదారి కూడా ఇటుగానే సాగుతుంది. ఇక్కడి నుంచి వాయవ్యంగా సుమారు పాతిక కిలోమీటర్లు వెళితే సూరత్ పాతనగరం, తూర్పున బార్డోలీ, దక్షిణాన నవసారి, ఆ పక్కన దండి. పడమటి చివర హజీరా పక్కనే సువాలీ తీరం. ఆంగ్లేయుల ఓడలు లంగరు వేసింది సువాలీలో, గాంధీజీ ఉప్పు తీసింది దండిలో. ఈ రెండింటి మధ్య నేరుగా కొలిస్తే యాభై కిలోమీటర్ల దూరం కూడా ఉండదు.

సువాలీ: ఓడలు ఆగిన చోటు

సూరత్ ఓడరేవు నగరమే అయినా సముద్రపు ఒడ్డున లేదు. తాపీ నది గట్టున, సముద్రానికి కొంత లోపలగా ఉంది. నదీముఖంలో ఇసుక మేటలు ఉండటంతో పెద్ద ఓడలు నగరం దాకా రాలేకపోయేవి. అందుకే అవి నదీముఖానికి ఉత్తరాన ఉన్న సువాలీ వద్ద ఆగేవి. అక్కడి నుంచి సరుకులు చిన్న పడవలపై, ఎడ్లబండ్లపై నగరానికి చేరేవి. ఆంగ్లేయుల నోట ఈ సువాలీయే ‘స్వాలీ’ అయింది. నాటి రాతల్లో ఆ పేరే కనిపిస్తుంది.

‘హెక్టర్’ అనే ఓడ కెప్టెన్ విలియం హాకిన్స్ 1608లో సూరత్ చేరాడు. అక్కడి నుంచి ఆగ్రాకు వెళ్లి జహంగీర్ చక్రవర్తిని కలిసి వర్తకానికి అనుమతి కోరాడు. అప్పటికే పడమటి సముద్రంపై ఆధిపత్యం చలాయిస్తున్న పోర్చుగీసువారు దానికి అడ్డుపడ్డారు. 1612 చివర్లో థామస్ బెస్ట్ నాయకత్వంలోని రెండు ఆంగ్ల ఓడలు సువాలీ వద్ద పోర్చుగీసు నౌకాదళాన్ని ఎదుర్కొని నిలిచాయి. ఆ మరుసటి ఏడాది మొగలు దర్బారు నుంచి సూరత్‌లో స్థావరానికి అనుమతి లభించింది. 1615లో ఇంగ్లండు రాజు జేమ్స్ పంపిన రాయబారి సర్ థామస్ రో కూడా ఈ తీరంలోనే దిగాడు.

నేడు సువాలీకి వెళితే కోటలు, స్తంభాలు కనిపించవు. సరుగుడు చెట్లు, నల్లని బురద ఇసుక, దూరంగా హజీరా పరిశ్రమల పొగగొట్టాలు, కాలువల్లోకి ఎక్కి దిగే నీరు మాత్రమే ఉంటాయి. అయినా చరిత్ర తెలిసి చూస్తే ఆ ఖాళీ తీరమే ఎంతో చెబుతుంది. ఒక సామ్రాజ్యం మొదలైంది ఇలాంటి బురద నేల మీద, నాలుగు మూటల బట్టల బేరంతో.

సూరత్, బందరు: ఒకే కథకు రెండు తీరాలు

ఇక్కడ తెలుగు పాఠకులు గమనించాల్సిన విషయం ఒకటుంది. సూరత్‌కు అనుమతి దక్కడానికి ముందే, 1611లో, ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకం ప్రారంభించింది. పడమట సూరత్, తూర్పున బందరు ఆ కంపెనీకి రెండు తలుపులయ్యాయి. రెండు చోట్లా వారిని ఆకర్షించింది నూలు బట్టే. ‘బందరు’ అంటే పారసీక భాషలో రేవు అని అర్థం. మక్కా యాత్రికులు ఇక్కడి నుంచే ఓడలెక్కడంతో సూరత్‌నూ మొగలుల కాలంలో ‘బందర్-ఎ-ముబారక్’, అంటే శుభప్రదమైన రేవు అని పిలిచేవారు.

ఈ రెండు తీరాలనూ గోల్కొండ మీదుగా సాగే దారి కలిపేది. ఫ్రాన్సుకు చెందిన రత్నాల వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో సూరత్ నుంచి గోల్కొండకు వెళ్లే మార్గాన్నీ, కృష్ణా తీరంలోని కొల్లూరు వజ్రాల గనులనూ తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. ఆ గనులు ఏనాడో మూతపడ్డాయి. నేడు ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో అత్యధిక భాగం సూరత్‌లోనే తయారవుతోంది. వజ్రం, వస్త్రం అనే రెండు సరుకులు నాలుగు వందల ఏళ్ల కిందట తెలుగు నేలనూ సూరత్‌నూ కలిపాయి. ఇప్పుడు తెలుగువారిని ఇక్కడికి రప్పిస్తున్న ఉపాధిలో ప్రధానమైనది మళ్లీ ఆ వస్త్రమే.

కంపెనీ కాలంలో ‘ఫ్యాక్టరీ’ అన్న మాటకు నేటి అర్థం లేదు. కంపెనీ తరఫున కొనుగోళ్లు జరిపే ప్రతినిధిని ‘ఫ్యాక్టర్’ అనేవారు. అతడు నివసించి, సరుకు నిల్వ చేసి, లెక్కలు రాసుకునే భవనమే ఫ్యాక్టరీ. ఉత్తరాదిన దాన్ని ‘కొఠీ’ అనేవారు. తెలుగులో ‘వర్తక స్థావరం’ అంటే సరిగ్గా సరిపోతుంది. బట్ట నేసింది స్థానిక నేతగాళ్లు. ఫ్యాక్టరీలో జరిగింది బేరం మాత్రమే.

కోట, సరాయి: పాతనగరంలో ఒక ఉదయం

పాతనగర సందర్శనను చౌక్ బజార్ వద్ద, తాపీ గట్టున ఉన్న కోటతో మొదలుపెట్టడం మంచిది. పోర్చుగీసుల దాడుల నుంచి పట్టణాన్ని కాపాడుకోవడానికి గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ ఆదేశం మేరకు ఖుదావంద్ ఖాన్ 1540ల్లో దీన్ని కట్టించాడు. 1573లో ముట్టడించి అక్బరు దీన్ని స్వాధీనం చేసుకున్నాడు. 1759లో ఇది ఆంగ్లేయుల చేతికి చిక్కింది. వర్తకానికి అనుమతి అడుక్కుంటూ వచ్చినవారు కోటకే యజమానులు కావడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టిందన్నమాట. నగరపాలక సంస్థ ఈ కోటను పునరుద్ధరించి లోపల ప్రదర్శనశాలలు ఏర్పాటు చేసింది. బురుజుపై నిలబడి చూస్తే తాపీ నది, వంతెనలు, కిక్కిరిసిన పాతబస్తీ ఒకేసారి కనిపిస్తాయి.

కోటకు దగ్గరలోనే మొగల్ సరాయి ఉంది. షాజహాన్ కాలంలో 1644లో యాత్రికులు, వర్తకుల బస కోసం కట్టిన ఈ సత్రం నేడు సూరత్ నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం. 1994లో ప్లేగు భయంతో లక్షల మంది నగరం విడిచి వెళ్లిపోయారు. వారిలో వలస కార్మికులే ఎక్కువ. ఆ తర్వాత కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు పారిశుద్ధ్య వ్యవస్థను పునాదుల నుంచి చక్కదిద్దింది ఈ కార్యాలయం నుంచే. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి సూరత్ దేశంలో మొదటి స్థానం పొందింది. ప్రభుత్వ కార్యాలయం కాబట్టి సరాయి లోపలి భాగాలన్నీ చూడటం కుదరకపోవచ్చు. రాతి ద్వారాన్నీ, బయటి తీరునూ చూసినా ఆనాటి సూరత్ ఎంతటి సంపన్న నగరమో అర్థమవుతుంది.

సమాధుల్లోనూ పోటీ

సూరత్‌లో ఆంగ్లేయుల ఉనికిని కళ్లకు కట్టేది కతార్‌గామ్ దర్వాజా వద్ద ఉన్న వారి శ్మశానవాటిక. భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఈ ఆవరణలోకి అడుగుపెట్టగానే, ఇవి క్రైస్తవ సమాధులా లేక నవాబుల సమాధి మందిరాలా అన్న సందేహం కలుగుతుంది. గుమ్మటాలు, కమానులు, స్తంభాలు, మెట్లు అన్నీ ఇక్కడి శైలివే. వీటిలో పెద్దది ఆక్సెండెన్ సోదరుల సమాధి. 1659లో మరణించిన క్రిస్టఫర్ సమాధితో కలిపి, 1669లో సూరత్‌లోనే కన్నుమూసిన జార్జ్ ఆక్సెండెన్‌కు రెండంతస్తుల మందిరం కట్టారు. 1664లో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు ఆంగ్ల స్థావరాన్ని కాపాడుకున్నది ఈ జార్జే.

కొద్ది దూరంలో డచ్చివారి, ఆర్మేనియన్ల శ్మశానవాటికలు ఉన్నాయి. డచ్చి ఆవరణలో అందరి దృష్టినీ ఆకర్షించేది హెండ్రిక్ వాన్ రీడ్ సమాధి. మలబారు అధికారిగా పనిచేసిన ఆయన, స్థానిక వైద్యుల సాయంతో కేరళ మొక్కలపై ‘హోర్టుస్ మలబారికుస్’ అనే 12 సంపుటాల గ్రంథాన్ని తయారు చేయించాడు. 1691లో సూరత్‌కు వస్తూ ఓడలోనే మరణించాడు.

ఇంత పెద్ద సమాధులు ఎందుకన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఇక్కడ భూమి, అధికారం మొగలులవి. విదేశీ కంపెనీలన్నీ వారి దయపై బతుకుతూ ఒకరితో ఒకరు పోటీ పడేవి. స్థానిక వర్తకులకూ అధికారులకూ తమ స్థాయిని చాటుకోవడానికి వారు ఎంచుకున్న మార్గం ఇక్కడి ప్రభువుల మాదిరిగా కనిపించడం. బతికున్నప్పుడు ఊరేగింపుల్లో సాగిన ఆ పోటీ, చనిపోయాక సమాధుల ఎత్తులో కొనసాగింది. దూరదేశాల వాతావరణానికి, జ్వరాలకు తట్టుకోలేక చిన్న వయసులోనే మరణించిన గుమాస్తాలు, పసిపిల్లల సమాధులూ ఆ గుమ్మటాల నీడలోనే ఉన్నాయి. పొట్టకూటి కోసం సొంతూరు వదిలి వచ్చినవారి బతుకు ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ చిన్న సమాధులే ఎక్కువసేపు గుర్తుండిపోతాయి.

1668లో బొంబాయి దీవులు కంపెనీ పరమయ్యాయి. సహజమైన లోతైన రేవు అక్కడ దొరకడంతో 1687లో కంపెనీ తన పశ్చిమతీర ప్రధాన కేంద్రాన్ని సూరత్ నుంచి అక్కడికి మార్చింది. వర్తకులూ క్రమంగా అటే నడిచారు. సూరత్ రేవు ప్రాభవం తగ్గిపోయింది.

దుమస్: నల్ల ఇసుక, దూరం జరిగే నీరు

సాయంత్రానికి నగరానికి నైరుతి దిశలో ఉన్న దుమస్ తీరం చేరుకోవచ్చు. విశాఖ, సూర్యలంక తీరాలను మనసులో పెట్టుకుని వచ్చేవారికి ఇది మొదట నిరాశ కలిగిస్తుంది. ఇసుక నల్లగా ఉంటుంది, నీరు మట్టిరంగులో ఉంటుంది. కొన్ని వేళల్లో సముద్రమే కనిపించనంత దూరం వెనక్కి పోతుంది. దీనికి కారణం ఖంభాత్ సింధుశాఖ ఆకారం. గరాటులా లోపలికి పోయేకొద్దీ ఇరుకయ్యే ఈ నీటి పాయలో పోటు నీరు పైకి ఎగదన్నుతుంది. విశాఖ వద్ద ఆటుపోట్ల తేడా రెండు మీటర్లలోపే ఉంటే, ఈ సింధుశాఖ ఎగువన భావనగర్ వైపు అది పది మీటర్ల దాకా చేరుతుంది. నదులు తెచ్చే ఒండ్రును ఈ ప్రవాహం నిత్యం కలియబెట్టడమే నీటి రంగుకు కారణం.

అందుకే ఇక్కడ జాగ్రత్త అవసరం. నీరు వెనక్కి పోయినప్పుడు బురదలో చాలాదూరం నడిచి వెళ్లినవారిని, తిరిగి వచ్చే పోటు వేగంగా చుట్టుముట్టే ప్రమాదం ఉంది. పిల్లలతో వెళ్లేవారు ఆనాటి ఆటుపోట్ల వేళలు ముందుగా తెలుసుకోవాలి. దుమస్, సువాలీ రెండూ స్నానానికి అనువైన తీరాలు కావు. ఒడ్డున కూర్చుని సూర్యాస్తమయం చూడటానికి మాత్రం ఎంతో బాగుంటాయి. దుమస్‌లో దెయ్యాలు తిరుగుతాయన్న కథలు అంతర్జాలంలో విరివిగా ఉన్నాయి. అక్కడికి రోజూ వచ్చే వందలాది కుటుంబాలు మాత్రం టమాటా బజ్జీల దుకాణాల ముందే బారులు తీరుతాయి.

రుచులు

మంచి భోజనం కోసం సూరత్‌నే వెతుక్కుంటూ వెళ్లాలని గుజరాతీలో ఒక నానుడి ఉంది. శనగపప్పు నానబెట్టి రుబ్బి ఆవిరిపై ఉడికించే లోచో ఇక్కడి ఉదయపు ఫలహారం. పైన నూనె, కారప్పొడి, సేవ్ చల్లి వేడివేడిగా వడ్డిస్తారు. చలికాలంలో వస్తే రెండు వంటకాలు వదులుకోకూడదు. ఒకటి చిక్కుళ్లు, దుంపలు, వంకాయలు, మెంతిబిళ్లలతో చేసే ఉంధియు. రెండోది పోంక్. లేత జొన్న కంకులను నిప్పులపై కాల్చి రాల్చిన గింజలివి. తెలుగు పల్లెల్లో ఊచబియ్యం తిన్నవారికి ఈ రుచి కొత్తేమీ కాదు. శరత్ పూర్ణిమ మరునాడు వచ్చే చందనీ పడ్వో రోజున కోవా, నేతితో చేసే ఘారీ మిఠాయి కోసం నగరమంతా బయటికొస్తుంది. నాన్‌ఖటాయి బిస్కెట్లు ఆనాటి డచ్చివారి రొట్టె పొయ్యిల వారసత్వమని స్థానికులు చెబుతారు.

బార్డోలీ, దండి: రెండో రోజు

రెండో రోజు పల్సానా నుంచి ముందుగా తూర్పునకు వెళ్లాలి. ఇరవై కిలోమీటర్లలోపే బార్డోలీ. 1928లో భూమిశిస్తు పెంపునకు వ్యతిరేకంగా ఇక్కడి రైతులు సాగించిన సత్యాగ్రహానికి వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వం వహించారు. ఆయన పేరు ముందు ‘సర్దార్’ చేరింది ఆ ఉద్యమంతోనే. అక్కడి స్వరాజ్ ఆశ్రమం ఆ జ్ఞాపకాలను నేటికీ భద్రపరుస్తోంది.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి దక్షిణాన నవసారి మీదుగా సముద్రం వైపు సాగితే దండి వస్తుంది. నవసారిలో పారిశ్రామికవేత్త జంషెడ్జీ టాటా 1839లో జన్మించిన ఇంటినీ చూడవచ్చు. 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుంచి కాలినడకన బయల్దేరిన గాంధీజీ, ఏప్రిల్ మొదటి వారంలో సూరత్ దాటి దిండోలి, వాంజ్, నవసారిల మీదుగా దండి చేరుకున్నారు. ఏప్రిల్ 6 ఉదయం పిడికెడు ఉప్పు తీసి చట్టాన్ని ధిక్కరించారు. ఆ యాత్రికుల జాబితాలో ఆంధ్ర ప్రాంతానికి చెందిన యెర్నేని సుబ్రహ్మణ్యం పేరు కూడా ఉంది.

2019 జనవరి 30న ప్రారంభమైన జాతీయ ఉప్పు సత్యాగ్రహ స్మారకంలో గాంధీజీ వెంట నడిచినవారి విగ్రహాలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్కరి ముఖం ఒక్కో తీరుగా మలిచారు. పైకి లేచిన రెండు చేతుల వంటి లోహ నిర్మాణం చివర ఉప్పు స్ఫటికాన్ని తలపించే గాజు ఘనం ఉంటుంది. 24 రోజుల యాత్రను తెలిపే శిల్పఫలకాలు, ఉప్పు తయారీని చూసే ఏర్పాటు పిల్లలకు ఆసక్తి కలిగిస్తాయి. గాంధీజీ బస చేసిన సైఫీ విల్లా పక్కనే ఉంది.

దండికి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ధరాసన ఉంది. గాంధీజీ అరెస్టు తర్వాత 1930 మే 21న అక్కడి ఉప్పు కొఠారులపైకి సాగిన సత్యాగ్రహులకు హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు నాయకత్వం వహించారు. లాఠీ దెబ్బలకు చేయెత్తకుండా వరుసలుగా నేలకొరిగిన ఆ సత్యాగ్రహుల గురించి యునైటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరి వెబ్ మిల్లర్ పంపిన కథనం ప్రపంచాన్ని కదిలించింది.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వేసవిలో మధ్యాహ్నపు ఎండలో శ్మశానవాటికలు, దండి ఆవరణ చూడటం కష్టం. వర్షాకాలంలో తీరానికి వెళ్లకపోవడమే మేలు. చెన్నై, అహ్మదాబాద్‌ల మధ్య నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా సూరత్ చేరుతుంది. పాతనగరంలో ఆటోలో తిరగడం సులువు. సువాలీ, దండిలకు సొంత వాహనం లేదా అద్దె కారు మంచిది. మొదటి రోజు ఉదయం కోట, సరాయి, మధ్యాహ్నానికి ముందే శ్మశానవాటికలు, సాయంత్రం దుమస్ లేదా సువాలీ చూడవచ్చు. రెండో రోజు బార్డోలీ, నవసారి, దండి. కోటకూ స్మారకానికీ వారపు సెలవులు ఉంటాయి కనుక బయల్దేరే ముందు విచారించుకోవాలి. రక్షిత కట్టడాల్లో గోడలపై పేర్లు చెక్కడం శిక్షార్హమైన నేరం.

ఈ ప్రయాణానికి అయ్యే ఖర్చు స్వల్పం. సూరత్‌లో పుట్టి పెరుగుతున్న తెలుగు పిల్లలకు మాత్రం దీని విలువ ఎక్కువ. పాఠ్యపుస్తకంలో వారు చదివే థామస్ రో, ఉప్పు సత్యాగ్రహం వారి ఇంటి నుంచి గంట, రెండు గంటల ప్రయాణ దూరంలోనే ఉన్నాయి. గాంధీజీ నడిచి వెళ్లిన దిండోలి నేడు నగరంలో కలిసిపోయి, వలస కుటుంబాలు నివసించే పేట అయింది. తమ తల్లిదండ్రులు బట్ట నేస్తున్న నగరానికే, ఆ బట్ట కోసమే, ఒకనాడు సముద్రాలు దాటి ఓడలు వచ్చాయని తెలిస్తే ఆ పిల్లలు సూరత్‌ను బతుకుతెరువు ఊరుగా మాత్రమే చూడరు. వచ్చే సెలవు రోజున వారిని ఒక్కసారి కోట బురుజు మీదికి తీసుకెళితే చాలు. మిగతా కథను వారే అడిగి తెలుసుకుంటారు.